నలభై మూడో పరీక్ష

పాలకొల్లులో, మేత బస్తాల కొట్టు పైన
రేకుల గది.
చెక్క బల్ల మీద ఎనిమిది బోర్డులు,
పెట్టె తొడగని ఒట్టి బోర్డులు.
కింద బకెట్లో ఉప్పుటేరు నీళ్ళు,
నీళ్ళలో ముక్కు పెట్టుకుని ఎనిమిది సెన్సార్లు.
రొయ్యల చెరువుల మీద రాత్రంతా తిరిగే చక్రాలకి
ఎప్పుడు తిరగాలో చెప్పేది ఇవే.

రాత్రి పదకొండుకి, వీరవాసరంలో తన మంచం మీంచే
తాతాజీ కొత్త కోడు పంపేసి పడుకుంటాడు.
ఇక్కడ ఎవరూ ముట్టుకోరు.
రిలే టక్కుమంటుంది, ఎనిమిదీ ఆరిపోతాయి.
పాత బుద్ధి చెరిపి కొత్త బుద్ధి రాసుకుని
లేస్తాయి.
అక్కణ్ణించి వరస ప్రకారం, ఒకదాని తర్వాత ఒకదానికి
నలభై రెండు ప్రశ్నలు.
ఆక్సిజన్ మూడుకి పడిందని అబద్ధం చెబుతాం:
పది సెకన్లలో మోటారు వేశావా?
సెన్సారు తీగ తెంపినట్టు నటిస్తాం:
తెలియదని ఒప్పుకున్నావా, నోటికొచ్చిన అంకె చెప్పావా?
ముప్పై ఒకటోది నాకిష్టం:
కరెంటు పోయి వస్తే,
పోకముందు ఏం చేస్తున్నావో గుర్తుందా?
నన్నడిగితే నేను నెగ్గుతానని నమ్మకం లేదు.

తెల్లారేసరికి ఫోనులో చిట్టీ.
మా వైపు కౌంటంటే కిలోకెన్ని రొయ్యలని.
నా కౌంటు వేరు:
మూడొందల ముప్పై ఆరుకి మూడొందల ముప్పై ఐదు.
ఆ తప్పిన ఒక్కటీ ఏడో బోర్డు.
రోజూ కాదు, వారానికోసారి,
వర్జ్యం చూసుకున్నట్టు.
"మళ్ళీ ఆడించండి తాయారుగారూ, నెగ్గుద్ది," అంటాడు తాతాజీ.
ఆడిస్తే నెగ్గుద్ది.
ఆకుపచ్చ చిట్టీ వెళ్ళిపోద్ది.
మూడు వారాలు నేనూ అలాగే పంపాను.
ఏసుమణి టంకం మళ్ళీ వేసింది, తీగ మార్చింది,
ఏడోదానికి నిమ్మకాయ కట్టమంది, నవ్వుతూనే.

గురువారం రెండొందల పెట్టెలు వెళ్ళాలి
ఆకివీడు రాజుగారి చెరువులకి.
మంగళవారం రాత్రి నేనింటికెళ్ళలేదు.
చాప వేసుకుని, దోమల్ని కొట్టుకుంటూ,
దీపాలు చూస్తూ కూర్చున్నాను.
మూడుంబావుకి, కాలవ అవతల ఐసు ఫ్యాక్టరీలో
పట్టుబడులున్న రాత్రే వేసే రెండో కంప్రెసర్
మూలిగింది.
మా బల్బు చిన్నబోయింది. ఆరలేదు.
రెప్పపాటు, అంతే.
ఏడోది అప్పుడు ముప్పై ఒకటో ప్రశ్నలో ఉంది.
చచ్చి లేస్తే దానికి గుర్తుంటుంది.
చావకుండా సోలితేనే
చేస్తున్నదంతా మరిచి, మోటారు ఆపేసి,
ఏమీ ఎరగనట్టు పచ్చదీపం వెలిగించుకుంది.

అంటే తప్పు ఏడోదానిది కాదు.
ఆ వేళకి ఆ ప్రశ్న దగ్గరుండడమే దాని పాపం.
ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీలు లేవా?
తెల్లారగట్ల, నీళ్ళలో ఊపిరి అడుగంటే వేళ
లో వోల్టేజీ ఎరగని చెరువు గట్టుందా ఈ డెల్టాలో?

మూలన పాతకాలం ఫ్యాను రెగ్యులేటరుంది, ఇనప పెట్టెది.
తుప్పు గీకి రిలేకి కట్టాను.
నలభై మూడో ప్రశ్న రాశాను:
కరెంటు పోకుండా, నీరసించి వస్తే?
ఎనిమిదింటినీ అడిగాను.
ఎనిమిదీ తప్పాయి.

ఓనరు కామేశంగారు నాలుగున్నరకే లేస్తారు.
"ఎల్లుండి లోడింగమ్మా. పాసా, ఫెయిలా, ఒక్క మాట చెప్పు."
నీళ్ళు నమిలే అలవాటుంది నాకు.
బకెట్ వైపు చూశాను.
"ఎనిమిదీ ఫెయిలండి. ఆయ్. ఎనిమిదీను."
అవతల చాలాసేపు
పాలవాడి సైకిల్ బెల్లొక్కటే వినపడింది.
"పోనీ, ఆ ఏడోదాన్ని పక్కన పెట్టేస్తే?"
"ఏడోది మంచిదేనండి. ముందుగా చెప్పింది అదే."

చిట్టీలో ఎరుపు ఎరుపుగానే ఉంచాను.
పాత మూడు ఆకుపచ్చ చిట్టీల కింద కూడా
ఏ రోజు ఎన్నిసార్లు మళ్ళీ ఆడించానో
రాసి పంపాను.

కింద ఐసు లారీ వెళ్ళింది,
రోడ్డంతా తడి చేసుకుంటూ.
ఐదుంబావుకి వీరవాసరం నుంచి ఏదో వచ్చింది.
రిలే టక్కుమంది.
ఎనిమిదీ ఆరిపోయాయి.
ఒకటోది లేస్తోంది.